పెద్ద జబ్బు తర్వాత మళ్ళీ ఇద్దరూ కలిసి ఊరెళ్ళాలంటే: వైజాగ్ నుంచి ఒక్కో మెట్టూ

మా ఆవిడకి బ్రెస్ట్ క్యాన్సర్ ఆపరేషన్, కీమోలు, రేడియేషన్ అన్నీ అయిపోయిన నాలుగు నెలలకి, ఒకరోజు సాయంత్రం మద్దిలపాలెంలో మా ఇంటి బాల్కనీలో టీ తాగుతూ, "ఏవండీ, ఆస్పత్రికి కాకుండా మనిద్దరం ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అంది. లెక్కేస్తే ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో మేం కలిసి తిరిగింది తక్కువేం కాదు, కారు మీటరు చూస్తే తెలుస్తుంది, కాకపోతే అంతా ఒకటే రూటు: ఇల్లు, ఆస్పత్రి, ల్యాబు, మందుల షాపు, మళ్ళీ ఇల్లు.

ఆ మాట వినగానే నాకు భయమేసింది. భయం ఆవిడకి కనపడకూడదని వెంటనే ఫోన్ తీసి గోవాకి మూడు రోజుల ప్యాకేజీలు వెతకడం మొదలుపెట్టాను. భయమూ అనవసరమే, గోవా అంతకన్నా అనవసరం. ఏడాదిన్నర ఇంటికీ ఆస్పత్రికీ అలవాటైన ఒంటిని ఒక్కసారిగా విమానం ఎక్కించి, లగేజీ మోయించి, రోజుకి నాలుగు చోట్ల తిప్పితే ఏమవుతుందో ఆలోచించే స్థితిలో లేను. ఆవిడే ఫోన్ పక్కన పెట్టించి, "ముందు బీచ్‌కి తీసుకెళ్ళండి, బతికుంటే గోవా చూద్దాం" అంది. ఈ జోకులు ఇప్పుడు మా ఇంట్లో మామూలే, కంగారు పడకండి.

అలా బీచ్‌తో మొదలుపెట్టి ఏడాదిలో ఎలా దూరం పెంచుకున్నామో, ఎక్కడ బోల్తా పడ్డామో వరసగా రాస్తున్నాను. మా బావగారికి బైపాస్ అయింది కాబట్టి, గుండె ఆపరేషన్ వాళ్ళకి పనికొచ్చేవి మా అక్కని అడిగి మధ్యమధ్యలో కలిపాను. నేను డాక్టర్ని కాను. మీ డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

1. ముందు క్యాలెండర్ తీయండి

ట్రీట్‌మెంట్ అయిపోయినా రివ్యూలు అయిపోవు. బ్రెస్ట్ క్యాన్సర్‌కైతే మొదటి రెండు మూడేళ్ళు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకోసారి రమ్మంటారు. ఆ తేదీకి పది రోజుల ముందు నుంచే ఇంట్లో వాతావరణం మారిపోతుంది. పైకి ఎవరూ ఏమీ అనరు గానీ ఇద్దరికీ నిద్ర పట్టదు, పప్పులో ఉప్పు ఎక్కువైనా గొడవే. ఆ రోజుల్లో ఎక్కడికైనా వెళ్తే మనసు మారుతుందని ఎవరో చెబితే మేమూ ఒకసారి బయల్దేరాం. దారిలో హోటల్లో ప్లేట్ల ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుని, సగం తిని వచ్చేశాం. రిపోర్టు వచ్చి, "బాగుంది, మళ్ళీ మూడు నెలలకి రండి" అని డాక్టర్ అన్న వారం పది రోజుల్లో పెట్టుకోండి. ఆ ఊపే వేరు.

ఒంటి లెక్కలు వేరే ఉంటాయి. కీమో ఇంకా నడుస్తుంటే, డోసు పడిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోయే సమయం, అప్పుడు గుడి, పెళ్ళి, బస్సు ఏదీ వద్దు. 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే ఎక్కడున్నా సరే తిన్నగా ఆస్పత్రికే, మాత్ర వేసి చూద్దాం అనుకోకూడదు. బైపాస్ అయినవాళ్ళకి కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదు, సూట్‌కేసు లాగడం కూడా ఎత్తడం కిందే లెక్క. మా బావగారు కారులో సీటు బెల్టు ఛాతీ మీద ఒత్తుకుంటోందని తీసేయబోతే మా అక్క ఊరుకోలేదు, బెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టింది. ఆ దిండు ఇప్పటికీ వాళ్ళ కారులోనే ఉంది.

ఇక వైజాగ్ సంగతి. నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మేలు. మే నెలలో మన ఉక్కపోత ఆరోగ్యంగా ఉన్నవాణ్ణే పడేస్తుంది, నీరు తీసే మాత్రలు వాడే గుండె పేషెంట్లకైతే ఇంకా కష్టం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో బుక్ చేస్తే రద్దు చేసినా డబ్బు వెనక్కొచ్చే రూమే తీసుకోండి, నాలుగొందలు ఎక్కువైనా పర్లేదు.

2. డాక్టర్ని "వెళ్ళొచ్చా?" అని మాత్రం అడగొద్దు

అలా అడిగితే "ఆ, వెళ్ళి రండి" అంటారు, బయట ఇంకో ముప్పై మంది కూర్చుని ఉంటారు మరి. లేకపోతే "కొన్నాళ్ళు ఆగండి" అంటారు. ఈ రెండు జవాబుల్తోనూ మనకి పని జరగదు. కాగితం మీద రాసుకెళ్ళి విడివిడిగా అడగండి. మేం అడిగినవి ఇవి:

- ఆగకుండా ఎంతసేపు నడవొచ్చు, ఎన్ని మెట్లు ఎక్కొచ్చు? 
- కారులో ఎంతసేపటికోసారి దిగాలి?
- ఘాట్ రోడ్డు వాంతులకి మాత్ర వేసుకుంటే ఇప్పుడు వాడే మందులతో గొడవ ఉంటుందా?
- ఒక పూట మందు మర్చిపోతే ఏం చెయ్యాలి?
- ఏ మూడు లక్షణాలు కనిపిస్తే ట్రిప్ మానేసి ఆస్పత్రికి పరిగెత్తాలి?

ఆఖరి ప్రశ్న అసలు వదలొద్దు. ఆ మూడూ తెలిసిన రోజు నుంచి ఆవిడ ఆవలించినా ఉలిక్కిపడే అలవాటు నాకు తగ్గింది.

ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంటుందని, ఆ వైపు బీపీ చూడనివ్వొద్దని, సూది గుచ్చనివ్వొద్దని, బ్యాగు తగిలించుకోవద్దని, దోమకాటూ చిన్న గీతా కూడా తేలిగ్గా తీసుకోవద్దని మా డాక్టరు చెప్పారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆవిడ వాడే టామోక్సిఫెన్ మాత్రకి కాళ్ళ రక్తనాళాల్లో గడ్డ కట్టే ముప్పు కొంచెం ఉంటుంది కాబట్టి గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలన్నారు. కీమో వల్ల అరికాళ్ళు మొద్దుబారాయి కదా అని చెప్పులు బదులు షూ వేయించమన్నారు. ఈ ఒక్క సలహా ఎంత విలువైందో సింహాచలంలో తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి రక్తం పలచబరిచే మాత్రలు ఒక్క రోజు కూడా తప్పకూడదు, స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. నీరు తీసే మాత్ర ప్రయాణం రోజున ఏ వేళకి మార్చుకోవచ్చో కూడా అడగండి. పొద్దున్నే వేసుకుని బస్సెక్కితే అనకాపల్లి దాటేలోపే అవస్థ. సిగ్గుపడి అడక్కపోతే, బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు మానేస్తారు, అది ఇంకా ప్రమాదం.

3. ఒక కాగితం, ఒక సంచి

డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్లు, బ్లడ్ రిపోర్టులు, ఫైలంతా మోసుకెళ్ళకండి. మొదటిసారి నేను రెండు కిలోల ఫైలు పట్టుకెళ్ళాను, ఎవరూ తెరవలేదు. ఒకే ఒక్క కాగితం చేయండి: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఏ జబ్బు, ఏ ఆపరేషన్ ఎప్పుడు, పడని మందులు, ఇప్పుడు వాడే మందులు, డాక్టర్ ఫోన్, ఇంట్లోవాళ్ళ ఫోన్. మందులకి కంపెనీ పేరు కాకుండా లోపలుండే మందు పేరు రాయండి, ఎందుకంటే మీ బ్రాండు వేరే ఊళ్ళో దొరక్కపోవచ్చు. దాని రెండు కాపీలు తీసి ఒకటి ఆవిడ పర్సులో, ఒకటి నా జేబులో పెట్టుకుంటాం. ఫొటో తీసి ఫోన్‌లో కూడా పెట్టండి. మిగతా ఫైలంతా స్కాన్ చేసి పిల్లలకి పంపేస్తే వాళ్ళ దగ్గర ఉంటుంది.

సంచిలో: వెళ్ళే రోజులకి రెట్టింపు మందులు షీట్లతో సహా, ప్రిస్క్రిప్షన్, థర్మామీటరు, బీపీ మెషీను (గుండె వాళ్ళకైతే), ఓఆర్ఎస్, మాస్కులు, మెత్తటి శాలువా, ఇంట్లో చేసిన తినుబండారం ఏదైనా. గుండె వాళ్ళు నాలుక కింద పెట్టుకునే మాత్ర సంచిలో ఉండకూడదు, ఒంటి మీదే ఉండాలి, చొక్కా జేబులోనే. ఇన్సులిన్ చల్లగా ఉంచే చిన్న పౌచ్‌లు దొరుకుతాయి. విమానమైతే అది చేతి సంచిలోనే పెట్టాలి, కింద లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఈ సంచి కారు డిక్కీలో పెట్టకండి. నేను పెట్టాను. ఆవిడ ఒక చోట టీ కొట్టు దగ్గర కూర్చుంది, నేను కారు పార్కింగ్‌కి అర కిలోమీటరు అవతల పెట్టి వచ్చాను, మాత్ర వేళ అయింది, సంచి డిక్కీలో. ఎండలో పరిగెత్తి తెచ్చేసరికి మాత్ర ముందు నేను వేసుకోవాలేమో అన్నట్టయింది నా పని.

4. రెండు గంటల ట్రిప్పు: ఆర్కే బీచ్

నవ్వకండి, మొదటి ట్రిప్పు అంటే ఇదే. పొద్దున్నే వాకర్ల కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కదా, ఆ వేళకి వెళ్ళండి. చదునైన రోడ్డు, కూర్చోడానికి గట్టు, రాగి జావ అమ్మేవాళ్ళు, ఏదైనా అయితే పది నిమిషాల్లో ఇల్లు. ఇసుకలో నడవొద్దు, ఇసుకలో వంద గజాలు నడిస్తే రోడ్డు మీద ఎంతో నడిచినంత ఆయాసం. నీళ్ళలోకైతే అసలే వద్దు, మన బీచ్‌లో అల లోపలికి లాగుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ రోజు కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడిచాం. పావుగంటలో నేను ఆరుసార్లు "నీరసంగా ఉందా, కూర్చుంటావా" అని అడిగానట. ఏడోసారి ఆగి, నడుం మీద చెయ్యేసుకుని, "మీరు నన్ను బీచ్‌కి తీసుకొచ్చారా, రౌండ్స్‌కి వచ్చారా?" అంది. పక్కన నడుస్తున్న పెద్దాయన కూడా నవ్వాడు. తల మీద కట్టుకున్న స్కార్ఫ్‌ని సముద్రపు గాలి ఎగరేస్తుంటే రెండుసార్లు సర్దుకుని, మూడోసారి విసుక్కుని తీసి నా చేతిలో పెట్టేసింది. కీమో తర్వాత వచ్చిన జుట్టు, అంగుళం పొడవు, ఎప్పుడూ లేనిది ఉంగరాలు తిరిగి ఉంది. బయట నలుగురి మధ్య ఆవిడ స్కార్ఫ్ తీయడం అదే మొదలు. నేను ఏదో అనబోయి మానేశాను, మంచిపని చేశాను.

ఇంటికొచ్చాక ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం, ఇది మీరూ చేసుకోండి. ఒంట్లో ఎలా ఉందని నేను అడగను. ఆవిడ "టీ తాగుదామా" అంటే ఎక్కడున్నా అయిదు నిమిషాల్లో కూర్చోబెట్టాలి. "ఇంటికెళ్దామా" అంటే ఎందుకూ ఏమిటీ అడక్కుండా బండి తీయాలి. చుట్టాల మధ్య ఉన్నా ఇది పనిచేస్తుంది, ఎవరికీ అర్థం కాదు. దీనికి బదులుగా ఆవిడ ఓపిక లేకపోయినా ఉన్నట్టు నటించకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి భయమే ఎక్కువ ట్రిప్పుల్ని పాడుచేస్తుందని నా అనుభవం, జబ్బు చేసిన మనిషి ఒంటికన్నా.

ఇలాంటివి మూడు నాలుగు చేశాక, మర్నాడు ఎలా ఉందో చూడండి. ఆ పూట బాగానే ఉండి మర్నాడంతా మంచం దిగలేకపోతే ఇంకా అక్కడే ఆగాలి. క్యాన్సర్ తర్వాతి నీరసం అలాంటిది, పడుకుని లేస్తే పోయే అలుపు కాదు.

5. ఒక పూట: భీమిలి, సింహాచలం

భీమిలి రోడ్డు మా ఓటు. సముద్రం పక్కనే పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కడ కావాలంటే అక్కడ కారు ఆపుకోవచ్చు, ఋషికొండ దాటాక రద్దీ తగ్గుతుంది. పాత డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌసు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఇవన్నీ పెద్దగా నడక లేకుండా చూడొచ్చు. దారిలో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి, మొదటిసారికి రెండూ వదిలేయండి, నీడ ఉండదు. పొద్దున్న ఆరున్నరకి బయల్దేరి పదకొండుకి ఇంట్లో ఉండాలి. రేడియేషన్ పడిన చర్మానికి ఏడాది పైనే ఎండ పడదు, మెడ దాకా కప్పే నూలు జాకెట్టు, గొడుగు తప్పనిసరి.

సింహాచలం విషయంలో కింద నుంచి మెట్ల మీద వెళ్ళాలన్న మొక్కులు ఇప్పుడు కాదు, ఘాట్ రోడ్డు మీద కారులోనే పైకెళ్ళండి. చందనోత్సవం ముందూ వెనకా రోజులు వద్దు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ గురించి మా పక్కింటావిడ "సంకల్పం ఉంటే స్వామే నడిపిస్తాడు" అంది, ఆవిడ మాత్రం ఆటోలో తిరుగుతుంది. మేం మామూలు వారంలో వెళ్ళాం గానీ, దర్శనం అయ్యేసరికి పదిన్నర దాటి బండలు కాలడం మొదలైంది. నేను గెంతుతూ నడుస్తున్నాను, ఆవిడ మాత్రం తాపీగా వస్తోంది. కాళ్ళు మొద్దుబారి కాలుతున్నట్టే తెలియట్లేదు! ఇంటికొచ్చి చూస్తే అరికాలు ఎర్రగా ఉంది, అదృష్టం బొబ్బ లేవలేదు. కీమో తర్వాతైనా, షుగర్ ఉన్నా, గుళ్ళకి తెల్లవారుజామున వెళ్ళి ఎనిమిదింటికల్లా బయటపడండి.

6. ఒక రాత్రి: అన్నవరమా, అరకా

ఒక రాత్రి బయట పడుకోవడం పెద్ద మెట్టు. ఇంటి మంచం, ఇంటి బాత్‌రూమ్, తెలిసిన ఆస్పత్రి, మూడూ వదిలి వెళ్తున్నారు. రూమ్ బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి, ఆన్‌లైన్‌లో బొమ్మలు చూసి నమ్మొద్దు: కారు దిగిన దగ్గర నుంచి గదిదాకా ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా, కరెంటు పోతే అది నడుస్తుందా? వెస్టర్న్ టాయిలెట్టేనా? వేడి నీళ్ళు ఏ వేళల్లో వస్తాయి? ఉప్పు తక్కువేసి వండుతారా? రాత్రి డాక్టరుండే ఆస్పత్రి ఎంత దూరం? ఒక హోటలాయన "లిఫ్టు ఉందండీ" అన్నాడు, వెళ్తే లిఫ్టుకి ముందు పదకొండు మెట్లు. అందుకే మెట్లు కూడా అడగమంటున్నాను.

అన్నవరం దంపతులకి బాగుంటుంది, సుమారు 120 కిలోమీటర్లు, హైవే మీద రెండున్నర గంటలు, రత్నగిరి మీదకి కారు వెళ్తుంది, తునిలాంటి ఊరు దగ్గర్లోనే ఉంది. సత్యనారాయణ వ్రతం ఇద్దరూ కలిసి కూర్చుని చేసేది, ఆస్పత్రి మంచం పక్కన అన్నాళ్ళు కూర్చున్నవాళ్ళకి పీటల మీద పక్కపక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కాకపోతే గంట పైనే కింద కూర్చోవాలి, మోకాళ్ళూ నడుమూ సహకరించకపోతే ముందే పురోహితుడితో చెప్పి గోడ పక్కన చోటు అడగండి, మధ్యలో కాళ్ళు చాపుకోవచ్చు. కార్తీకమాసం వద్దే వద్దు. మాస్కు తీయొద్దు. ప్రసాదం సంగతి మాత్రం డాక్టర్లని క్షమించమని అడిగి రాస్తున్నాను, ఆ గోధుమనూక, ఆ నెయ్యి, ఆకు వాసన, షుగర్ ఉన్నవాళ్ళు ఒక్క వేలికి అంటినంత తినండి, మిగతాది పక్కవాళ్ళ చేతిలో పెట్టేయండి, పొట్లం జేబులో పెట్టుకుంటే గది చేరేలోపు అయిపోతుంది.

అరకు అందంగా ఉంటుంది గానీ దానికి తయారవ్వాలి. సుమారు మూడు వేల అడుగుల ఎత్తు, ఊపిరికి పెద్ద ఇబ్బంది ఉండదు, విమానం క్యాబిన్‌లోనే ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంత గాలి పీడనం ఉంటుంది. అసలు గొడవ ఘాట్ మలుపులు. అనంతగిరి దగ్గర వాంతులైతే వేసుకున్న మందులూ పోతాయి. అందుకే వెళ్ళేటప్పుడు పొద్దున్న కిరండూల్ రైలు మంచిది, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ దొరికితే ఇంకా మంచిది. నాలుగు గంటలు పడుతుంది గానీ లేచి నడవొచ్చు, బాత్‌రూమ్ ఉంటుంది, కొత్తవలస–కిరండూల్ లైనంతా కలిపి 58 సొరంగాలున్నాయి, చీకటి పడినప్పుడల్లా బోగీలో కుర్రాళ్ళు అరుస్తారు, మా ఆవిడా అరిచింది.

బొర్రా గుహల్లో మెట్లు వందల్లో ఉంటాయి, దిగడం సరదాగా ఉంటుంది, ఎక్కేది మర్చిపోతాం. మొదటిసారికి వదిలేయండి. చాపరాయి వాగు దగ్గర రాళ్ళ మీద కాలు జారుతుంది, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు పడితే చిన్న దెబ్బకి కూడా చాలా రక్తం పోతుంది. వంజంగి మబ్బులు వాట్సాప్‌లో చూసుకోండి చాలు, తెల్లవారుజామున చలిలో కొండెక్కడం గుండె వాళ్ళకి అసలే పనికిరాదు. డిసెంబరు, జనవరిలో వెళ్తే ఎండ వచ్చాకే గది దాటండి. ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నల్ పోతుంది, అందుకని ఎన్నింటికి చేరతామో ఇంట్లో చెప్పి బయల్దేరాలి. అవసరమైతే 108కి చెయ్యాలని డ్రైవరుకి కూడా చెప్పి ఉంచండి, కంగారులో అందరూ ముందు చుట్టాలకే ఫోన్ చేస్తారు.

నేను మాత్రం అత్యాశకి పోయి ఒకే రోజు ట్రైబల్ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, కాఫీ తోటలు మూడూ పెట్టాను. గార్డెన్స్‌లో ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, "టీ తాగుదామా" అంది. కాఫీ తెచ్చాను. రెండు గంటలు లేవలేదు. మొదటి అరగంట నేను వాచీ చూసుకున్నాను. తర్వాత షూ విప్పి కాళ్ళు చాపాను. టాయ్ ట్రైన్ పిల్లలతో అయిదుసార్లు మా ముందు నుంచి తిరిగింది, ఆవిడ ప్రతిసారీ చెయ్యి ఊపింది. అరకులో ఏం చూశారని ఎవరైనా అడిగితే మేం ఇద్దరం ఆ బెంచీ గురించే చెబుతాం. రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి.

7. గది తలుపు వేసుకున్నాక

దీని గురించి మనవాళ్ళు రాయరు, డాక్టర్ని అడగరు, అందుకే కొంచెం రాస్తాను. ఏడాది పాటు మందులిచ్చిన మనిషి, మందులు తీసుకున్న మనిషి, ఒక్కసారిగా పెళ్ళైన కొత్తలోలా ఉండాలని హోటల్ గది అనగానే ఇద్దరికీ ఒక రకమైన టెన్షన్. అవసరం లేదు. చెయ్యి పట్టుకుని టీవీ చూసి పడుకున్నా లెక్కే. గుండె జబ్బు తర్వాత దాంపత్యం మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చని చాలామందికి భయం, డాక్టర్లు సాధారణంగా చెప్పే కొలత, ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే పర్లేదని. కానీ నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు వయాగ్రా లాంటివి ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకి వచ్చేంతగా పడిపోతుంది. క్యాన్సర్ మందుల వల్ల ఆడవాళ్ళకి నొప్పి, పొడిబారడం ఉంటాయి, వాటికి మందులున్నాయి, అడిగితే చెబుతారు. ఆపరేషన్ మచ్చ చూపించాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, లైటు ఆమె చేతికే వదిలేయండి.

8. జనం

స్టేటస్‌లో ఒక్క ఫొటో పెట్టామో లేదో, "అప్పుడే తిరుగుళ్ళా, ఇన్‌ఫెక్షన్ వస్తే?" అని ఒకరు, "అంత బాగున్నావు కదా, మరి మా ఇంటికి పెళ్ళికి రాలేదేం?" అని ఇంకొకరు. మేం ఫొటోలు తిరిగొచ్చిన వారానికి పెడుతున్నాం. ఎవరికి చెప్పాలో మా ఆవిడే తేలుస్తుంది, జబ్బు ఆవిడది కాబట్టి. పిల్లలకి మాత్రం ముందే చెప్పండి, రోజుకి ఒక్కసారి, ఏదో ఒక వేళకి మెసేజ్ అని ఒప్పందం పెట్టుకోండి, లేకపోతే గంటకో ఫోన్ వస్తుంది.

9. దూర ప్రయాణం

పైవన్నీ అయ్యాక, మధ్యలో ఇంకో రివ్యూ బాగా వచ్చాక, రైలో విమానమో ఆలోచించండి.

రైలుకి మొదటి గొడవ కింది బెర్తు. లోయర్ బెర్త్ కోటా మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 దాటితేనే, పైగా టికెట్ మీద ఇద్దరికీ ఆ వయసు సరిపోవాలి. నాకు 57. కలిపి తీస్తే కోటా కుదరదు, విడిగా తీస్తే బోగీలు వేరైపోతాయి. అందుకని మామూలు కోటాలోనే చాలా ముందుగా, కింది బెర్తు కోరుకుంటూ తీసుకోవడం నయం, 45 దాటిన ఆడవాళ్ళకి ఖాళీ ఉంటే సిస్టమే కింది బెర్తు ఇస్తుంది. క్యాన్సర్, గుండె పేషెంట్లకి రైల్వే రాయితీ ఉంది గానీ అది ట్రీట్‌మెంట్‌కీ చెకప్‌కీ వెళ్ళడానికి మాత్రమే, యాత్రలకి వాడకండి. దారిలో ఏదైనా అయితే రైల్వే వాళ్ళ 139కి ఫోన్ చేయండి.

విమానమైతే వీల్‌చెయిర్ ఎయిర్‌లైన్‌కి 48 గంటల ముందు చెప్పాలి. మా ఆవిడ "నన్ను తోసుకెళ్తారా" అని ఒప్పుకోలేదు, నేనూ పట్టుపట్టలేదు, కానీ హైదరాబాద్‌లాంటి పెద్ద ఎయిర్‌పోర్టులో గేటు దాకా నడక తక్కువేం కాదు, ఆ రోజు ఎలా ఉందో చూసుకుని తేల్చుకోండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కార్డు చూపించి, చేత్తో తిప్పే మెషీను ఛాతీ మీద ఆపొద్దని చెప్పాలి. స్టెంటుకి ఏ ఇబ్బందీ లేదు. హెల్త్ పాలసీ ఉంటే వెళ్ళే ఊళ్ళో క్యాష్‌లెస్ ఇచ్చే ఆస్పత్రి ఏదో ముందే చూసి ఆ ఒక్క కాగితం వెనక రాసుకోండి. విదేశానికైతే పాత జబ్బు దాచకుండా చెప్పి పాలసీ తీసుకోవాలి, దాస్తే క్లెయిము తిరగ్గొడతారు.

తిరిగొచ్చిన మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు, ఆఫీసుకి సెలవు అందుకు కూడా కలిపే పెట్టండి. అయిపోయిన మందులు ఆ రోజే తెచ్చి సంచి మళ్ళీ నింపి తలుపు వెనక తగిలించండి.

మా తర్వాతి ట్రిప్పు తిరుపతి. వయసు 65 దాటినవాళ్ళకీ, వికలాంగులకీ, గుండె ఆపరేషన్, క్యాన్సర్ లాంటివి అయినవాళ్ళకీ కొండ మీద ప్రత్యేక దర్శనం కోటా ఉంటుంది, ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, జబ్బుల వాళ్ళకి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, కాబట్టి రివ్యూకి వెళ్ళినప్పుడే రాయించుకోండి. జబ్బు తగ్గితే తలనీలాలిస్తానని మా అత్తగారు కూతురి తరఫున ఎప్పుడో మొక్కేశారట. ఆవిడ అద్దం ముందు నిలబడి ఆ ఉంగరాల జుట్టు దువ్వుకుంటూ, "ఒకసారి ఇచ్చేశాను, ఇప్పుడు మూడు కత్తెరలే. గుండు మీరు కొట్టించుకోండి" అని తేల్చేసింది. తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు కూడా తనే తీసింది. కింది బెర్తు తనకి, పై బెర్తు నాకు.